దుఖాన్ దారిలో ఓడిపోయిన అభ్యర్థులు

రాష్ట్రం విడిపోయిన కొత్తలో మా కారులో ఒక నియమం పెట్టుకున్నాం. ఇంటి రాజకీయాలు ఎత్తకూడదు.

కారు సర్వేయరుది. జగిత్యాల దగ్గరి పల్లె ఆయనది. వెనక సీట్లో అకౌంటెంటు, అమలాపురం వైపు మనిషి. ముందు సీట్లో నేను. మాది పెడన. కంపెనీలో డ్రాయింగులూ ఉత్తరాలూ భద్రపరిచే ఉద్యోగం నాది. అంతకు ముందు బందరులో ఒక ప్రైవేటు కాలేజీలో ఎకనామిక్స్ చెప్పాను. అందుకని సర్వేయరు నన్ను సార్ అనేవాడు, అకౌంటెంటు మాస్టారూ అనేవాడు. ముగ్గురం ఖతార్‌లో, దోహా శివారు ఐన్ ఖాలిద్‌లో ఒకే సందులో గదులు అద్దెకు తీసుకున్నాం. డ్యూటీ దుఖాన్‌లో, పైపులైను పని. పొద్దున గంట, సాయంత్రం గంటకు పైనే కారులో కూర్చోవాలి. రోడ్డు తిన్నగా పోతుంది. కిటికీలోంచి చూడటానికి పెద్దగా ఏమీ ఉండదు. మాట్లాడకపోతే సర్వేయరుకి నిద్రొస్తుంది.

ఒకరోజు హైదరాబాదు గురించి మాట పెరిగి, దారిలో అల్ షహానియా అనే ఊరు దాటేసరికి నేనూ సర్వేయరూ చెరో కిటికీలోంచి బయటికి చూస్తున్నాం. ఆయన చేతిలో స్టీరింగు ఉంది కాబట్టి నాకు భయం కూడా వేసింది. వెనక నుంచి అకౌంటెంటు ముందుకు వంగాడు.

"ఏవండీ, మన గొడవ మనకెందుకండీ? పరాయివాళ్ళ గొడవ పెట్టుకుందాం. రేడియోలో ఆ అమెరికా వాళ్ళు కొట్టుకుంటున్నారు కదా, వాళ్ళది పట్టుకుందాం. మనలో ఎవరి కొంపా మునగదు."

రేడియోలో అప్పుడు అమెరికా ప్రైమరీల సందడి మొదలవుతోంది. పార్టీ తరఫున ఎవరు నిలబడాలో పార్టీ వాళ్ళే ఓట్లేసి తేల్చుకునే ఎన్నిక అది. అయితే ఆ ఏడాది నిలబడినవాళ్ళను పట్టుకుంటే వలసల మాట వస్తుంది, వీసాల మాట వస్తుంది, అక్కడున్న చుట్టాల మాట వస్తుంది. అందుకని పాతవాళ్ళను తీసుకున్నాం. అందులోనూ ప్రైమరీల్లోనే ఓడిపోయినవాళ్ళను. గెలిచినవాడి గురించి లోకమంతా మాట్లాడుతుంది, ఓడినవాడి తరఫున మాట్లాడటానికి ఎవరూ లేరు, మనం వకీళ్ళుగా ఉందాం అని అకౌంటెంటే అన్నాడు. ఓడిపోయినవాడు చెప్పిన ఆర్థిక విధానం తర్వాత ఏమైంది, దానివల్ల ఎవరికి మేలు, ఎవరికి కీడు. ఇదీ వాదం.

తలా ఒకరిని పెట్టుకున్నాం. పేర్లు పలకడం కష్టమని వాళ్ళకు మేమే పేర్లు పెట్టాం. నా మనిషి లెక్కల సెనేటరు. దేశం అప్పు చేసి తింటోంది, పన్ను పెంచక తప్పదు అని ఓట్లు అడిగే సభల్లోనే చెప్పిన మనిషి. అకౌంటెంటు మనిషి ఒకటే పన్ను ఆయన. ధనికుడికీ పేదవాడికీ ఒకే రేటు చాలంటాడు. సర్వేయరు మనిషి గేటుకాడాయన. మూతపడిన మిల్లుల గేట్ల దగ్గర నిలబడి, పరాయి దేశాలతో ఒప్పందాలు చేసుకుంటే మీ పని పోతుందని చెప్పినవాడు. కొన్ని సంగతులు నేను చదివి ఉన్నాను. మిగతావి ముగ్గురం ఫోన్లలో వెతుక్కుని తెచ్చుకునేవాళ్ళం.

"మీ సెనేటరుకి ఓటెవడేస్తాడండీ మాస్టారూ? మైకు పుచ్చుకుని పెట్రోలు మీద పన్ను పెంచుతానన్నాట్ట. మా కోనసీమలో అయితే బొండాలతో కొట్టేవారు."

"తర్వాత లోటు తగ్గించారుగా. ఆయన చెప్పిందే చేశారు."

"చేసినోడు వేరే సార్. పేరు వానికే వాయె. మీ ఆయనకేం మిగిలింది?"

"పేరు రాకపోతే పోనీ. దేశానికి మంచి జరిగింది."

"అదిగో, చర్చీలో పాస్టరుగారి మాట. ఇది ఎకనామిక్స్ మాస్టారూ," అని అకౌంటెంటు నవ్వేవాడు. "నా మనిషిని చూడండి. అమెరికాలో ఓడిపోయాడు గానీ మనం కాపురం ఉంటున్నది ఆయన కలలోనే. ఇన్‌కమ్ టాక్సు ఒకటే రేటు కాదు, అసలు లేనేలేదు."

"పన్ను లేదు, పోనిచ్చుడు లేదు," అన్నాడు సర్వేయరు.

దానికి ముగ్గురం నవ్వాం. ఆ రోజుల్లో ఖతార్ నుంచి బయటికి వెళ్ళాలంటే యజమాని అనుమతి కావాలి. ఎగ్జిట్ పర్మిట్ అంటారు. మా కంపెనీ దానికి తోడు ఇంకో కట్టు కట్టింది. సెలవు మీద వెళ్ళేవాడు తప్పకుండా తిరిగొస్తాడని తోటి ఉద్యోగి ఒకడు పూచీ పడాలి. వెళ్ళినవాడు వచ్చేదాకా పూచీ పడినవాడికి పర్మిట్ దొరకదు. వరల్డ్ కప్ పనులు ఊపందుకున్నాక మా పైపులైను మనుషుల్లో సగం మందిని స్టేడియాల వైపు రోడ్ల పనికి మళ్ళించారు. మిగిలినవాళ్ళలో ఒక్కడు తగ్గినా పని ఆగుతుందని కంపెనీ భయం. దాన్ని ఎవరూ దుర్మార్గం అనుకోలేదు. వేసవిలో ఎండ ఉన్నట్టు అదీ ఉంది.

సాయంత్రం గదికి చేరాక అక్కకు ఫోన్ చేసేవాణ్ణి. మా అక్క మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు. నాకు అన్నం పెట్టి చదివించింది ఆమె. చదువు చెప్పించడమే కాదు, నైట్ డ్యూటీ నుంచి వచ్చి నిద్రపోకుండా పేపరు చదివి, నన్ను కూర్చోబెట్టి ప్రశ్నలు వేసేది. ఫోన్‌లో ఆమె మొదటి ప్రశ్న నా భోజనం గురించి, రెండోది మా కారు గురించి.

"ఇవాళ ఎవరు నెగ్గారురా?"

నేను ముగ్గురి వాదాలూ చెప్పేవాణ్ణి. ఆమె తీర్పు చెప్పేది. చాలాసార్లు సర్వేయరు వైపే.

"ఆ జగిత్యాల అబ్బాయి చెప్పేదే సరిగ్గా ఉంది. నువ్వు పుస్తకం చెబుతున్నావు. మిల్లు మూతపడితే ఏమవుతుందో నాకు తెలుసు. ఔట్ పేషెంట్ వార్డులో కనబడుతుంది."

ఆ చలికాలం చివర్లో అకౌంటెంటుకి కంటి లోపలి రెటీనా పొర ఊడింది. కాకినాడలో తెలిసిన డాక్టరు ఉన్నాడు, అక్కడే చేయించుకుంటానన్నాడు. పూచీకి నేను సంతకం పెట్టాను. అతను లేకుండా కారులో ఇద్దరమే మిగిలాం.

గొడవ ఆ వారమే వచ్చింది. సర్వేయరు తన గేటుకాడాయన గురించి చెబుతూ, వాళ్ళ వైపు చక్కెర ఫ్యాక్టరీ మూతపడిన సంగతి ఎత్తాడు. వాళ్ళ నాన్న అందులో పనిచేశాడు. ఫ్యాక్టరీ పోవడానికి కారణం ఒప్పందాలు కావు, లెక్కలు సరిగా చూసుకోకపోవడం అని నేను అన్నాను. పాఠం చెప్పే గొంతుతోనే అని ఉంటాను.

"లెక్కలు ఎవరు జూసిన్రు సార్? మా దిక్కోళ్ళా? కుర్సీల కూసున్నోళ్ళు మీ దిక్కోళ్ళే గదా. అమ్ముకున్నోళ్ళు గూడ వాళ్ళే."

"ఇప్పుడు ఆ కుర్చీ మీవాళ్ళదే కదా. తెరిపించుకోండి."

ఆయన కారు రోడ్డు పక్కకు తీసి ఆపాడు. ఇంజను ఆడుతూనే ఉంది. నా వైపు చూడలేదు. కాసేపటికి మళ్ళీ పోనిచ్చాడు. ఆఫీసు దగ్గర దిగేటప్పుడు ఎప్పుడూ అనే "సాయంత్రం కలుద్దాం సార్" అనలేదు. సాయంత్రం మాత్రం సరిగ్గా టైముకి గేటు దగ్గర ఉన్నాడు.

ఆ తర్వాత రోజులన్నీ అలాగే. పొద్దున ఎక్కుతాను, సాయంత్రం దిగుతాను, మధ్యలో మాట లేదు. ఇంకో కారు చూసుకుందామంటే దుఖాన్ వెళ్ళేవాళ్ళు మా సందులో లేరు. ఆయనకూ నన్ను దింపేయడం ఇష్టం లేదనుకుంటాను, లేదా మర్యాద. అమెరికాలో అప్పుడు చాలా రాష్ట్రాల్లో ఒకే రోజు ప్రైమరీలు జరిగాయి. రేడియో పెట్టలేదు. తలుపు తీసి దిగలేని గదిలో ఇద్దరం ఉన్నట్టుగా ఉండేది.

అక్కకు ఈ సంగతి చెప్పలేదు. ఆమె కారు గురించి అడిగితే నేనే రెండు వైపులా వాదం తయారు చేసి చెప్పేవాణ్ణి. పొద్దున కారులో మౌనంగా కూర్చుని, సర్వేయరైతే ఏమనేవాడో ఆలోచించేవాణ్ణి. ఆయన పక్కనే ఉన్నాడు, ఆయన మాటలు నేను కల్పిస్తున్నాను. సరుకులు నింపిన కంటెయినర్‌ని ఎగ్జిట్ పర్మిట్ ఏదని ఎవరన్నా అడుగుతారా, మనిషినే ఎందుకు అడుగుతారు, ఆ ఒప్పందాలు సరుకు కోసం రాశారు, మనిషి కోసం రాయలేదు అని ఒకరోజు ఆయన పేరుతో చెప్పాను.

"అతను తెలివైనవాడురా," అంది అక్క. "నీ దగ్గర దానికి జవాబుందా?"

లేదన్నాను.

అప్పటికే ఆమె గొంతు పలచబడుతోంది. కామెర్లని మొదట అనుకున్నారు. విజయవాడలో స్కాన్ తీస్తే క్లోమంలో కణితి అని తేలింది. ఆమె నాకు పేషెంటు గురించి డాక్టరుకు చెప్పినట్టు చెప్పింది. ఏడ్వలేదు, నన్ను ఏడ్వనివ్వలేదు.

"ఆపరేషన్‌కి పనికిరాదు. ఇంటికి తీసుకుపొమ్మన్నారు, వచ్చేశాను. నాతో పనిచేసిన సిస్టరు వచ్చి ఉంటోంది. మార్ఫిన్ మొదలుపెట్టారు. నువ్వు రావాలనుకుంటే తొందరగా రా. మాట్లాడే స్థితి ఎన్నాళ్ళుంటుందో నేను చెప్పలేను."

మర్నాడు పొద్దున్నే హెచ్.ఆర్.కి వెళ్ళాను. అక్కడ కూర్చునే ఫిలిప్పీన్స్ ఆవిడ మంచిది. నా మాట విని లేచి నిలబడింది. తర్వాత కంప్యూటరులో చూసి మళ్ళీ కూర్చుంది. అకౌంటెంటు తిరిగి రాలేదు, అతని పూచీ నా మీద ఉంది, అది తీరితే గానీ నా పర్మిట్ కదలదు. అతను ఎప్పుడొస్తాడో కనుక్కోమంది.

అకౌంటెంటుకి ఫోన్ చేశాను. అతని భార్య చెవి దగ్గర పెట్టింది. పొరను అతికించడానికి కంట్లో గాలి బుడగ పెట్టారట. అది కరిగేదాకా బోర్లా పడుకునే ఉండాలి, విమానం ఎక్కకూడదు. ఎక్కితే బుడగ ఉబ్బి చూపు పోతుంది.

"మాస్టారూ, రైలుంటే ఇప్పుడే బయల్దేరేవాణ్ణండి. పడవైనా ఎక్కేవాణ్ణి. నేను మిమ్మల్ని కట్టేశానండి."

"అలా అనకండి. తల ఎత్తకండి, పడుకోండి," అన్నాను. అతని తప్పు వెతికితే ఎక్కడా దొరకలేదు. కంపెనీ ఆవిడ తప్పూ లేదు. అది మరీ ఊపిరాడనివ్వలేదు. ఎవరి మీదైనా అరవగలిగితే కొంచెం నయంగా ఉండేదేమో.

ఒక దారి ఉందని ఆవిడే చెప్పింది. అకౌంటెంటు పూచీని నా దగ్గరి నుంచి ఇంకొకరు తీసుకోవాలి. నేను వెళ్తున్నాను కాబట్టి నాకు కూడా పూచీ పడాలి. రెండూ ఒకే మనిషి తీసుకోవచ్చు. కానీ అతనికి కొన్నేళ్ళ సర్వీసుండాలి, వేరే పూచీ ఉండకూడదు. తీసుకున్నాక ఇద్దరం తిరిగొచ్చేదాకా అతను కదలడానికి వీల్లేదు. దుఖాన్ ఆఫీసులో అలాంటివాడు సర్వేయరు ఒక్కడే.

ఆయనకు వచ్చే నెల సెలవు మంజూరై ఉంది. కూతురి టెన్త్ పరీక్షలు అవగానే ఇంటిల్లిపాదీ కొండగట్టు గుడికి పోవాలని ఎన్నాళ్ళుగానో చెబుతున్నాడు. రెండేళ్ళుగా పిల్లను చూడలేదు. అదంతా మాటలున్న రోజుల్లో నాకు చెప్పిందే. ఆ సాయంత్రం కారులో కూర్చుని అడగాలని నోరు తెరిచాను. ఆయన మొహం రోడ్డు మీదే ఉంది. ఇంటికి పోయే మనిషిని ఆపి, నీ బదులు నేను పోతానని ఎలా అడగను? అందులోనూ మేము మాట్లాడుకోవడం లేదు. అడగలేదు. ఐన్ ఖాలిద్ వచ్చింది. దిగిపోయాను.

ఆ తర్వాతి రోజూ అడగలేదు. అక్క ఫోన్‌లో రెండు మూడు మాటల తర్వాత అలిసిపోయేది. కారు గురించి అడగడం మానేసింది.

గురువారం సాయంత్రం వస్తున్నాం. అల్ షహానియా దగ్గర పెట్రోలు బంకులో ఆయన కారు ఆపాడు. పెట్రోలు నిండుగానే ఉంది. దిగి, చుట్టూ వచ్చి నా వైపు తలుపు తీశాడు.

"సార్, ఆ కాయితం యాడున్నది?"

"ఏ కాగితం?"

"జమానత్ కాయితం. మీదీ, ఆయనదీ. రెండూ."

పూచీ కాగితాలు నా సంచిలోనే ఉన్నాయి. హెచ్.ఆర్. ఆవిడ ఇచ్చినప్పటి నుంచి మోస్తున్నాను. తీసి ఇచ్చాను. ఆయన వాటిని బానెట్ మీద పెట్టి, గాలికి ఎగరకుండా మోచేయి ఆనించి సంతకం చేశాడు.

"ఎవరు చెప్పారు?"

"కాకినాడ నుంచి ఫోన్ జేసిండు. బోర్లపండుకొని ఏడుస్తుండు. కన్ను ఖరాబైతది ఏడ్వకు అన్న." కాగితాలు నా చేతికిచ్చాడు. "పక్కన కూసుంటరు. రెండు దినాల సంది కూసుంటున్నరు. ఒక్క మాట అడగరు. గింత పట్టుదలనా సార్ మీకు?"

"మీ సెలవు పోతుంది."

"దేవుడు కొండ మీదికెళ్ళి యాడికి పోతడు? బిడ్డకు చెప్పిన. అలిగింది. అలగనీ." ఆయన మళ్ళీ స్టీరింగు ముందు కూర్చున్నాడు. "ఆ రోజు నేనన్నది అబద్ధం కాదు. వాపస్ తీసుకుంట లేను. ఇది వేరే, అది వేరే."

"సరే," అన్నాను.

కాగితాల మీద ఆఖరి సంతకం కంపెనీ భాగస్వామిది. ఆయన ఖతారీ, నడివయసు మనిషి. గురువారం సాయంత్రానికి ఆఫీసు మూతపడింది. మళ్ళీ తెరిచేది ఆదివారం. హెచ్.ఆర్. ఆవిడ ఫోన్ చేసి కనుక్కుంటే, శుక్రవారం పొద్దున అల్ షహానియాలో ఒంటెల పందాలు, ఆయన అక్కడే తన ఒంటెల శాల దగ్గర ఉంటాడని తెలిసింది.

శుక్రవారం నేను చర్చికి పోలేదు. పొద్దున్నే బయల్దేరి శాల దగ్గరికి చేరాం. కంచె వేసిన ఆవరణ, రేకుల పందిళ్ళు, ఒంటెల మీద ఎర్ర గుడ్డలు. ఒంటెలను చూసుకునే పాకిస్తానీ మనిషి మమ్మల్ని చాప మీద కూర్చోబెట్టి చాయ్ ఇచ్చాడు. సేఠ్ ట్రాకు మీద ఉన్నాడు, పందెం అయ్యాక వస్తాడు అన్నాడు. అక్కడ ఒంటె మీద మనిషి ఎక్కడు, చిన్న మర ఎక్కుతుంది. యజమాని పక్క దారిలో కారు తోలుకుంటూ దాన్ని నడిపిస్తాడు. దూరంగా కార్ల వరస దుమ్ములో పోవడం కనబడుతోంది. పందెం తర్వాత పందెం నడుస్తోంది. ఆయన రాలేదు.

ఆ పొద్దున సిస్టరు ఫోన్‌లో చెప్పింది, అక్కకు తెలివి వస్తూ పోతూ ఉందని. ఆ పూటే సంతకం దొరికితే రాత్రి విమానానికి వెళ్ళి శనివారం మధ్యాహ్నానికి పెడన చేరగలను. ఫోన్‌ని చాప మీద పెట్టి చూస్తూ కూర్చున్నాను. సర్వేయరు దాన్ని తీసి బోర్లా పెట్టాడు.

"సార్, మీ సెనేటరు ఓడిపోయినంక ఏం జేసిండు?"

"సొంత ఊరు వెళ్ళి పాఠాలు చెప్పుకున్నాడట."

"మీ లెక్కనే."

"నేను పాఠాలు మానేసి ఇక్కడికొచ్చాను. ఆయన రాజకీయం మానేసి పాఠాలకు వెళ్ళాడు."

"అయితే ఆయనే హుషారు." చాయ్ ఊదుకున్నాడు. "చెప్పుండ్రి, ఏం మిగిలిచ్చిండు ఆయన? లోటు తగ్గింది అంటరు. మళ్ళ పెరిగింది గదా. నీళ్ళ మీద గీసిన గీత."

"కొన్నేళ్ళు నిలిచింది."

"కొన్నేళ్ళు నిలిస్తె సాలునా?"

"ఆ కొన్నేళ్ళలో బతికినవాళ్ళకి చాలు." ఆయన నా మొహం చూసి మాట వేరే వైపు లాగాడు.

"మా ఆయనది జూడుండ్రి. ఓడిండు. మళ్ళ నిలవడ్డడు, మళ్ళ ఓడిండు. అందరు నవ్విన్రు. ఇయ్యాల రెండు పార్టీలోళ్ళు ఆయన మాటనే మాట్లాడుతున్నరు. కానీ మిల్లు తెరుచుకోలె. మాట గెలిచి మిల్లు ఓడితె, గది గెలుపా ఓటమా?"

"మీరు నా వైపు వాదిస్తున్నారు."

"ఇయ్యాల అంతే. మీరు నా దిక్కు వాదించుండ్రి."

అప్పుడు చెప్పాను, ఇన్నాళ్ళూ అదే చేస్తున్నానని. ఆయన మాట్లాడని రోజుల్లో ఆయన వాదం కూడా నేనే అల్లి అక్కకు చెప్పానని. కంటెయినర్ మాట కూడా చెప్పాను.

ఆయన నవ్వాడు. "మంచిగ చెప్పిన గదా నేను! అక్క ఏమన్నది?"

"మీరు తెలివైనవాళ్ళంది."

"చూసిన్రా. పెద్దమనిషి. ఆమెకు ఎరుకే. ఊరికి పోయినంక చెప్పుండ్రి, సర్వేయరు ఇంకోటి అడిగిండని. ఈ గేటుకాడాయన..."

ఫోన్ మోగింది. బోర్లా ఉన్నదాన్ని తిప్పాను. సిస్టరు. అక్క ఇందాకే పోయిందని చెప్పింది. బాధ పడలేదు, నిద్రలోనే అంది. ఫ్రీజర్ బాక్సు తెప్పిస్తాం, నువ్వొచ్చేదాకా ఉంచుతాం, వస్తావా అని అడిగింది. వస్తానన్నాను. అది నిజమో కాదో నాకు తెలియదు. సంతకం ఇంకా కాలేదు.

సర్వేయరు ఆపిన వాక్యం అక్కడే ఆగిపోయింది. పాకిస్తానీ మనిషి మా మొహాలు చూసి గ్లాసులు తీసుకుపోయాడు. మేమిద్దరం చాప మీద కూర్చునే ఉన్నాం. లేచి ఎక్కడికి పోవాలి? కంచె తలుపు తెరిచే ఉంది. కారు ఎక్కితే అటు దోహా, ఇటు దుఖాన్. దుఖాన్ దాటితే సముద్రం.

చాలాసేపటికి ఖతారీ భాగస్వామి కారు వచ్చింది. దిగీ దిగకముందే నవ్వుతున్నాడు, ఒంటె గెలిచినట్టుంది. సర్వేయరు లేచి ఎదురెళ్ళి హిందీలో, వచ్చిన నాలుగు అరబ్బీ మాటల్లో చెప్పాడు. నవ్వు ఆగిపోయింది. నా దగ్గరికొచ్చి, తల్లా అని ఇంగ్లీషులో అడిగాడు. అక్క అన్నాను. గుండె మీద చెయ్యి పెట్టుకుని దేవుడి మాటేదో అన్నాడు. కాగితాలు చదవకుండా కారు తలుపు మీద ఆనించి సంతకం చేశాడు. అక్కడ నిలబడే కంపెనీ మందూబ్‌కి, అంటే ప్రభుత్వాఫీసుల పనులు చూసే మనిషికి, ఫోన్ చేసి సాయంత్రంలోగా పర్మిట్ చేతికివ్వాలన్నాడు. నాకు ముందే ఎందుకు చెప్పలేదు, ఏ రోజైనా చేసేవాణ్ణి కదా అన్నాడు. నిజంగానే బాధపడ్డాడు.

ఆయన తలుపు మీద కలం ఆనించిన కాస్తలో పని అయిపోయింది. అంత తేలికైన పనికి నేను ఇన్నాళ్ళు ఆగాను.

శనివారం మధ్యాహ్నం దాటాక పెడన చేరాను. అక్క తెల్ల చీరలో ఉంది. ఆసుపత్రిలో ఆమెతో పనిచేసినవాళ్ళు, ఆమె చేతుల మీద పుట్టినవాళ్ళు వచ్చారు. సమాధి దగ్గర పాస్టరుగారు ఎక్కువ మాట్లాడలేదు, మాట్లాడొద్దని ఆమే ముందుగా చెప్పిందట. నేను మట్టి వేశాను.

తర్వాత వారం ఆమె గదిలో ఉన్నాను. బందరు కాలేజీ పాత ప్రిన్సిపాలు పలకరించడానికి వచ్చి, ఎకనామిక్స్ చెప్పేవాడు మానేశాడు, మళ్ళీ చేరతావా అని అడిగాడు. సిస్టరు కూడా ఉండిపొమ్మంది. ఇల్లుంది, తిండికి లోటుండదు, అక్కడికి పోయి ఎవరి కోసం అంది. నేను ఎవరి కోసం సంపాదించానో ఆ మనిషి పోయింది. తిరిగి పోవాలని నాకు ఏ కోశానా లేదు.

కానీ ఖతార్‌లో ఒక మనిషిని నా బదులు కూర్చోబెట్టి వచ్చాను. అకౌంటెంటు కంట్లో బుడగ ఇంకా కరగలేదు. అతను ఎలాగూ వెళ్తాడు. నేను వెళ్ళకపోతే సర్వేయరుకి పర్మిట్ ఎప్పుడొస్తుందో కంపెనీ కూడా చెప్పలేదు. పెడనలో మంచం మీద పడుకుంటే, కిటికీ తెరిచి ఉన్నా, ఆ కారులో ఉన్నట్టే ఉండేది.

ఆయన ఫోన్ చేసేవాడు. ఎప్పుడొస్తారని ఒక్కసారి కూడా అడగలేదు. అన్నం తింటున్నారా అనేవాడు. ఏ రాష్ట్రం ప్రైమరీలో ఎవరు గెలిచారో చెప్పేవాడు. కారులో ఒక్కడే పోతున్నాడు, రేడియో మళ్ళీ పెడుతున్నాడట.

ప్రిన్సిపాలు జవాబు కోసం మనిషిని పంపిన రోజు సాయంత్రం నేనే ఫోన్ చేశాను.

"మంగళవారం వస్తున్నాను."

అవతల ఆయన రేడియో తగ్గించాడు.

"జల్ది ఏం లేదు సార్. దినాలు గానియ్యుండ్రి."

"ఇక్కడ అంతా అయిపోయింది. అమ్మాయి పరీక్షలు అయ్యాయా?"

"నిన్ననే అయినయి. మంచిగ రాసిందట. లెక్కలే జర కష్టమైనయన్నది."

"టిక్కెట్టు చూసుకోండి," అన్నాను. "నేను దిగిన రోజే అకౌంటెంటుగారి పూచీ, మీ పూచీ రెండూ నా పేరు మీద రాయించుకుందాం."

"మీకేమన్న పని పడితె? మళ్ళ మీరు ఇరుకుతరు గదా సార్."

నాకు ఇక అక్కడి నుంచి తొందరగా రావలసిన పని ఎవరి వల్లా ఉండదని చెప్పాను. ఏ విమానానికి వస్తున్నారో చెప్పండి, కారు తీసుకొస్తానన్నాడు.